రోడ్డు మీద పోయిన ప్రాణానికి పరిహారం: రెండు వందల ఏళ్ల కథ

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో, రక్తస్రావాన్ని ఎలా ఆపాలో, ఆ మొదటి గంట ఎంత విలువైనదో ఇదివరకు వివరంగా రాశాను. ప్రాణం నిలబడని ఇళ్ల గురించి మాత్రం రాయలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. అంటే రోజుకు 460కి పైగా చావులు. వీరిలో అత్యధికులు సంపాదించే వయసువారే.

ఆరోగ్యం గురించి రాసేవాడికి నష్టపరిహారపు దావాలతో ఏం పని అని మీరు అడగవచ్చు. జిల్లా ఆసుపత్రి ఓపీలో కూర్చున్న ప్రతి వైద్యుడికీ ఆ సంబంధం తెలుసు. ఇంటి పెద్ద ప్రమాదంలో పోయిన ఏడాది తిరగకుండానే అతని భార్య రక్తపోటు మాత్రలు మానేస్తుంది. అత్తగారి కంటి ఆపరేషన్ వాయిదా పడుతుంది. పెద్ద పిల్ల చదువు ఆగిపోతుంది, త్వరలోనే పెళ్లవుతుంది, ఇరవై నిండకముందే రక్తహీనతతో కాన్పుకు వస్తుంది. కేస్ షీటులో ఇవన్నీ వేర్వేరు జబ్బులుగానే నమోదవుతాయి. వాటి మూలం మాత్రం ఒక రాత్రి ఒక మలుపు దగ్గర జరిగిన ప్రమాదంలో ఉంటుంది.

ఆ కుటుంబానికి చట్టప్రకారం రావలసిన డబ్బు ఒకటుంది. అది ప్రభుత్వం దయతో ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కాదు, హక్కు. ఈ హక్కు పుట్టడానికి, పెరగడానికి పట్టిన కాలం తెలిస్తే, నేటికీ అది ఎందుకు ఇంత పెళుసుగా ఉందో అర్థమవుతుంది. న్యాయశాస్త్రం నా రంగం కాదు. అయితే శవపరీక్ష బల్ల ముందు నిలబడి, ఆ నివేదికల మీద సాక్ష్యం చెప్పడానికి కోర్టు మెట్లెక్కిన ప్రభుత్వ వైద్యుడు ఈ చరిత్రకు పూర్తిగా పరాయివాడు కాదు.

కథ గుర్రపు బండ్ల కాలంలో మొదలవుతుంది. 1808లో ఇంగ్లండులో 'బేకర్ వర్సెస్ బోల్టన్' అనే కేసు విచారణకు వచ్చింది. ప్రయాణికుల గుర్రపు బండి బోల్తాపడగా, దానిమీద ఉన్న దంపతులిద్దరూ గాయపడ్డారు. భర్తకు కమిలిన దెబ్బలతో సరిపోయింది. భార్య మాత్రం సుమారు ఒక నెల తర్వాత ఆసుపత్రిలో చనిపోయింది. భర్త మద్యశాల నడుపుకొనేవాడు. ఆ వ్యాపారం నడవడంలో భార్య శ్రమ ఎంతో ఉండేదని కోర్టు ముందుకు వచ్చింది. న్యాయమూర్తి లార్డ్ ఎలెన్‌బరో అయితే, ఒక మనిషి మరణాన్ని నష్టంగా చూపి సివిల్ కోర్టులో ఫిర్యాదు చేయడం కుదరదన్నాడు. భర్తకు తన గాయాలకూ, భార్య బతికి ఉన్న ఆ నెల రోజులు ఆమె తోడును, శ్రమను కోల్పోయినందుకూ కలిపి 100 పౌండ్లు వచ్చాయి. ఆమె శ్వాస ఆగిన క్షణంతో లెక్క కూడా ఆగిపోయింది.

దీని పర్యవసానం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. నిర్లక్ష్యంగా బండి తోలినవాడు ఎదుటివాడి కాలు విరగ్గొడితే పరిహారం చెల్లించాలి, చంపేస్తే చెల్లించనక్కరలేదు. గాయపరచడం కంటే చంపడం చవక. ఈ వింత సూత్రం దాదాపు నాలుగు దశాబ్దాల పాటు చెల్లుబాటయింది.

అదే కాలంలో ఇంకో ఆచారం ఉండేది. దాని పేరు 'డియోడాండ్', అంటే దేవుడికి ఇవ్వవలసినది అని అర్థం. మనిషి చావుకు కారణమైన వస్తువు, అది బండి చక్రమైనా ఎద్దయినా, రాజుకు చెందుతుంది. వస్తువుకు బదులు దాని విలువను జూరీ నిర్ణయించేది. ఆ సొమ్ము చట్టప్రకారం మృతుడి కుటుంబానికి దక్కదు. రైళ్లు రావడంతో ఈ మధ్యయుగపు ఆచారానికి కొత్త ప్రాణం వచ్చింది. 1841 డిసెంబరు 24న సోనింగ్ అనే చోట కొండను తవ్వి వేసిన రైలుదారిలో మట్టి జారిపడి, రైలు పట్టాలు తప్పి తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. జూరీ ఆ ఇంజను మీద 1,000 పౌండ్ల డియోడాండ్ విధించింది. రైల్వే కంపెనీలు బెంబేలెత్తాయి. పార్లమెంటు 1846లో డియోడాండ్‌ను రద్దు చేసింది. ఆ ఏడాదే, దానికి జోడీగా, ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే వారి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నష్టపరిహారం అడగవచ్చునని ఆ చట్టం చెప్పింది. దాన్ని ప్రతిపాదించిన లార్డ్ క్యాంప్‌బెల్ పేరుతోనే అది ప్రసిద్ధమైంది.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి చెప్పాలి. 1808 నాటి బేకర్ కేసు తీర్పు నేటికీ మనకు దొరుకుతున్నదంటే, ఆ రోజుల్లో కోర్టులో కూర్చుని నివేదికలు రాసుకున్న ఒక యువ న్యాయవాది వల్లనే. అతని పేరు జాన్ క్యాంప్‌బెల్. 38 ఏళ్ల తర్వాత ఆ తీర్పులోని అన్యాయాన్ని చట్టంతో తొలగించిన లార్డ్ క్యాంప్‌బెల్ ఆయనే.

కొత్త చట్టం డబ్బు నష్టాన్ని గుర్తించింది గాని దుఃఖాన్ని గుర్తించలేదు. 1852లో ఒక రైల్వే కంపెనీపై భర్తను కోల్పోయిన స్త్రీ వేసిన దావాలో, ఆమె మనోవేదనకు వెల కట్టరాదని కోర్టు స్పష్టం చేసింది. జూరీ చూడవలసింది పోయిన రాబడి మాత్రమే. సంపాదన లేని మనిషి చావుకు విలువ సున్నా దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఇందులో ఇమిడి ఉంది. ఇల్లాలి చావు, పసిపిల్ల చావు, ముసలితల్లి చావు ఇలాగే లెక్కకు రాకుండా పోయేవి.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణేకు నడిచింది. రెండేళ్లకే, 1855లో, ఇంగ్లండు చట్టాన్ని అనుసరించి ఇక్కడా ప్రాణాంతక ప్రమాదాల చట్టం చేశారు. అందులోనూ భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డలే లబ్ధిదారులు. అన్నను నమ్ముకుని బతికే చెల్లెలికి, తమ్ముడికి చోటు లేదు. మన ఉమ్మడి కుటుంబం ఎలా ఉంటుందో తెలియనివారు రాసుకున్న చట్టమది. 1987లో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు మోటారు ప్రమాదాల విషయంలో ఆ గీతను దాటింది. భారతీయ కుటుంబాల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొన్నిచోట్ల మేనల్లుళ్లు కూడా ఒకే సంపాదన మీద బతుకుతారని గుర్తించి, మృతుని సోదరుడికీ పరిహారం కోరే హక్కు ఉందన్నది. 1855 నుంచి లెక్కిస్తే 132 ఏళ్లు.

మోటారు వాహనాలు రావడంతో ఒక కొత్త చిక్కు ఎదురయింది. రైల్వే కంపెనీ దగ్గర డబ్బుంటుంది. లారీ డ్రైవరు దగ్గర ఉండదు. తీర్పు గెలిచినా కాగితమే మిగులుతుంది. దీనికి విరుగుడు నిర్బంధ బీమా. ఇంగ్లండులో 1930లో, మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో ఈ ఏర్పాటు చేశారు. చట్టం 1939దే అయినా బీమా అధ్యాయం అమల్లోకి వచ్చింది మాత్రం 1946 జులై 1న. 'థర్డ్ పార్టీ' బీమా అని మీరు బండికి ఏటా కట్టే సొమ్ము ఇదే. మీ బండికి కాదు, మీ బండి కింద పడే అపరిచితుడి కుటుంబానికి అది రక్ష. రెండువేలకు కక్కుర్తి పడి దాన్ని వదిలేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

బీమా ఉన్నా దావా మామూలు సివిల్ కోర్టులోనే వేయాలి. కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు గడవాలి. ఎంతకాలం పట్టేదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1947లో, ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, ఆ రాష్ట్రంలోని ఒక బస్సు ప్రమాదంలో ఒక వ్యక్తి మరణించాడు. ఆయన కుటుంబం గోబాల్డ్ మోటార్ సర్వీసు మీద వేసిన దావా సుప్రీంకోర్టులో ముగిసింది 1961లో. పద్నాలుగేళ్లు! ఆ తీర్పు రాసినది మన రాజమహేంద్రవరం వాస్తవ్యులు, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, తదనంతరం దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు. మృతుడు బతికి ఉంటే కుటుంబానికి భవిష్యత్తులో అందేదెంత, అతని మరణం వల్ల వారికి కలిసివచ్చినదెంత, ఈ రెండింటినీ తూచి తేలిన నష్టమే పరిహారానికి ప్రాతిపదిక అని ఆయన చెప్పిన సూత్రాన్ని ఆ తర్వాత దేశమంతటా కోర్టులు ఉదహరిస్తూ వచ్చాయి.

1956 సవరణతో ప్రత్యేక మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లకు దారి ఏర్పడింది. ఈ రోజు మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ్యతను జిల్లా స్థాయి న్యాయమూర్తులే నిర్వహిస్తున్నారు. కాని చాలా ఏళ్లు ట్రిబ్యునల్లోనూ డ్రైవరు తప్పును కుటుంబమే నిరూపించవలసి వచ్చేది. చీకట్లో, సాక్షి లేని చోట, గుద్ది పారిపోయిన లారీ తప్పును పల్లెటూరి వితంతువు ఎలా నిరూపిస్తుంది? జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ ప్రశ్నను తన తీర్పుల్లో పదేపదే లేవనెత్తారు. 1979లో హర్యానా రవాణా సంస్థ కేసులో, బస్సు కింద పడి చనిపోయినవారి నిరుపేద కుటుంబాల నుంచి కోర్టు ఫీజు వసూలు చేయడానికి ప్రభుత్వమే సుప్రీంకోర్టు దాకా వచ్చినందుకు ఆయన గట్టిగా మందలించారు. 1980లో మరో కేసులో, క్రిమినల్ కోర్టు డ్రైవరును విడిచిపెట్టినంత మాత్రాన పరిహారం దావా వీగిపోదన్నారు. ఈ సంగతి మీరు తప్పక గుర్తుంచుకోవాలి. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్లో మొగ్గు ఎటువైపు ఉందో చూస్తే చాలు. 'డ్రైవరు మీద కేసు కొట్టేశారు, ఇంక మనకేం రాదు' అని ఊళ్లో ఎవరో చెబితే నమ్మి ఇంట్లో కూర్చోవద్దు.

తప్పు ఎవరిదైనా కొంత మొత్తం ఇచ్చి తీరాలన్న ఏర్పాటు 1982లో వచ్చింది. మరణానికి 15,000 రూపాయలు. 1988 కొత్త చట్టంలో అది 25,000, 1994లో 50,000 అయింది. 2019 సవరణతో అది 5 లక్షలకు మారింది. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే ఇచ్చే మొత్తం ఇంకా నత్తనడక నడిచింది. 1982లో 5,000, తర్వాత 8,500, 1994 నుంచి 25,000. 2022 ఏప్రిల్ 1 నుంచి అది 2 లక్షలు. దీనికి ట్రిబ్యునల్‌కు పోనక్కరలేదు, ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఇలాంటి పథకం ఉందన్న సంగతే తెలియని కుటుంబాలు నాకు కోకొల్లలుగా ఎదురయ్యాయి.

పైన చెప్పిన 5 లక్షల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఆ మొత్తాన్ని స్వీకరించి సంతకం చేస్తే, ట్రిబ్యునల్ ముందు ఉన్న దావా రద్దవుతుంది. అసలు దావాలో ఎంత వచ్చే అవకాశముందో లెక్క వేసుకోకుండా ఆ సంతకం చేయకండి.

ఆ లెక్క ఎలా వేస్తారు? చాలాకాలం ఒక్కో ట్రిబ్యునల్‌ది ఒక్కో పద్ధతి. 1994లో సుప్రీంకోర్టు గుణకం పద్ధతే సరైనదని చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు చట్టానికి ఒక పట్టిక జతచేసింది. ఆ పట్టికలో కూడికలు, హెచ్చవేతలే తప్పని రెండేళ్లకు సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. అయినా అది సరిదిద్దబడకుండా ఏళ్ల తరబడి చట్టపుస్తకంలో అలాగే ఉండిపోయింది. చివరకు 2009లో న్యాయవాదులు 'సరళా వర్మ తీర్పు' అని పిలిచే తీర్పు, 2017 అక్టోబరు 31న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన 'ప్రణయ్ సేథీ తీర్పు' ఈ గందరగోళాన్ని చాలావరకు తొలగించాయి.

ఆ లెక్కను ఒక ఉదాహరణతో చూపిస్తాను. సొంతంగా ఆటో నడుపుకొనే ఒకాయన వయసు 48, నెల రాబడి 15,000, ఆయన మీద ఆధారపడినవారు నలుగురు అనుకోండి. భవిష్యత్తులో పెరగగల రాబడి కింద 25 శాతం కలుపుతారు, 18,750 అవుతుంది. ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే ఏడాదికి 1,68,750. ఆ వయసుకు గుణకం 13. మొత్తం 21,93,750 రూపాయలు. ఇప్పుడు మిగతావన్నీ అలాగే ఉంచి వయసు 52 అనుకోండి. కలిపేది 10 శాతమే, గుణకం 11. మొత్తం 16,33,500కు దిగిపోతుంది. నాలుగేళ్ల వయసు తేడా ఆ కుటుంబానికి 5,60,250 రూపాయలు!

వయసు అనే గడిని మొదట ఎవరు నింపుతారో తెలుసా? పంచనామా సమయంలో పక్కన నిలబడిన బంధువో, ఆ ఊరి మనిషో నోటికి వచ్చింది చెబుతాడు. పోలీసులు దాన్ని రాస్తారు. వారు పంపే కాగితంలోని ఆ అంకే 'సుమారు' అన్న మాటతో శవపరీక్ష నివేదికలోకి ఎక్కుతుంది. ఎండలో పనిచేసి పనిచేసి నలభై ఏళ్లకే యాభై దాటినట్టు కనిపించే మన రైతుకూలీల మొహాలు మీకు తెలియనివి కావు. మూడేళ్ల తర్వాత బీమా సంస్థ న్యాయవాది ఆ నివేదికనే పైకెత్తి చూపిస్తాడు. కాబట్టి పాఠశాల ధ్రువపత్రం ఉంటే వెంటనే వెదికి తీయండి. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి విడిచినప్పుడు ఇచ్చే పత్రమే నమ్మదగినదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద కేసులోనే చెప్పింది.

నివేదికలోని మరికొన్ని గడులు కూడా డబ్బుగా మారతాయి. కడుపులోని పదార్థం సారా వాసన వేసిందని రాస్తే, మృతుడు తాగి నడిపాడు గనుక తప్పులో వాటా ఉందని వాదిస్తారు. వాసన మత్తుకు రుజువు కాదు. చట్టం చెప్పే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. రక్త పరీక్ష లేనిచోట ఆ వాదనకు వైద్యశాస్త్రపరమైన బలం తక్కువ. హెల్మెట్ సంగతీ ఇంతే. తలలో రక్తం గడ్డకట్టి చనిపోయాడా, ప్లీహం చితికి కడుపులో రక్తస్రావమై చనిపోయాడా అన్నది నివేదికలో స్పష్టంగా ఉంటుంది. రెండో సందర్భంలో హెల్మెట్ ఉన్నా లేకపోయినా ఒకటే. హెల్మెట్ పెట్టుకోవాలనే నేను ముప్పై ఏళ్లుగా పోరుతున్నాను. కాని పెట్టుకోని తప్పు వేరు, మరణానికి కారణం వేరు. నిబంధన ఉల్లంఘనకూ ప్రమాదానికీ కార్యకారణ సంబంధం చూపించకుండా పరిహారం కోయరాదని సుప్రీంకోర్టు 2020లో, బైకు మీద మూడో మనిషిగా కూర్చున్న వ్యక్తి కేసులో చెప్పింది.

బేకర్ భార్య గాయపడిన నెలకు చనిపోయిందని చెప్పాను గదా. ఆలస్యంగా వచ్చే మరణమే నేటికీ కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీస్తోంది. తొడ ఎముక విరిగి పడుకున్న మనిషి కాలి సిరలో గడ్డకట్టిన రక్తం మూడో వారంలో ఊపిరితిత్తికి చేరి ప్రాణం తీయవచ్చు. వృద్ధుల్లో తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల మెదడు పొరల కింద రక్తం కొద్దికొద్దిగా చేరి నెల దాటాక స్పృహ తప్పించవచ్చు. వెన్నెముక దెబ్బతిన్నవారు ఆరు నెలలకు మూత్రకోశపు ఇన్ఫెక్షన్‌తోనో, పడక పుండ్లు చీము పట్టి విషం రక్తంలోకి చేరడంతోనో పోవచ్చు. ఇవన్నీ ప్రమాదం వల్ల కలిగిన మరణాలే. కాని అప్పులు చేసి విసిగిన కుటుంబం రోగిని 'మా ఇష్టం మీద' అని సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోతుంది. అక్కడ చనిపోతే శవపరీక్ష లేకుండానే దహనం చేస్తారు. మరణానికి, ప్రమాదానికి మధ్య ఉన్న దారం అక్కడ తెగిపోతుంది. ప్రమాదంలో గాయపడినవారు ఎన్ని రోజులకు చనిపోయినా స్టేషనుకు తెలియజేయండి, శవపరీక్ష చేయించండి. ఆ క్షణంలో ఈ మాట కర్కశంగా తోస్తుందని నాకు తెలుసు. మొదటి ఆసుపత్రిలో రాసిన గాయాల ధ్రువపత్రం, ఎంఎల్‌సీ నంబరు, డిశ్చార్జి కాగితాలు, స్కానులు, మందుల బిల్లులు, ఏవీ పారేయకండి.

బేకర్ కేసులో ఇంకొక ప్రశ్న కూడా జవాబు లేకుండా మిగిలింది. ఆ ఇల్లాలి శ్రమకు విలువ ఎంత? మన 1994 పట్టిక ప్రకారం రాబడి లేని భార్య విలువ బతికున్న భర్త రాబడిలో మూడో వంతు. అంటే కలెక్టరు భార్య వండిన అన్నానికి ఒక ధర, కూలివాడి భార్య వండిన అన్నానికి ఒక ధర. 2001లో సుప్రీంకోర్టు, జంషెడ్‌పూర్ అగ్నిప్రమాద కేసులో, గృహిణి సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా లెక్కించింది. 2010లో ఒక రోడ్డు ప్రమాద కేసులో న్యాయమూర్తులు మరో సంగతి బయటపెట్టారు. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను పనిచేయనివారి జాబితాలో, భిక్షగాళ్లు, ఖైదీల సరసన చేర్చారట.

2021 జనవరి 5న, ఢిల్లీలో ఒకే ప్రమాదంలో మరణించిన యువ దంపతుల కేసు తీర్పులో ఈ చర్చ ఒక కొలిక్కి వచ్చింది. ధర్మాసనంలో ఉన్న మన కృష్ణా జిల్లావాసి జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక తీర్పు రాసి, గృహిణి శ్రమ మీదే దృష్టి పెట్టారు. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో స్త్రీలు జీతం లేని ఇంటిపని మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. ఈ పనికి విలువ కట్టడం దయ కాదని, గృహిణులకు కూడా భవిష్యత్ రాబడి పెరుగుదలను కలపవలసిందేనని ఆయన రాశారు. మీ ఇంట్లో గాని, తెలిసిన ఇంట్లో గాని ఇల్లాలు ప్రమాదంలో పోతే 'ఆమె సంపాదించేది కాదు గదా' అని దావా వేయకుండా ఊరుకోకండి. ఆమె పాడి చూసేదా, మిషను కుట్టేదా, డ్వాక్రా సంఘంలో ఉండేదా, ఇవన్నీ రాయించండి.

దుఃఖానికి వెల లేదన్న 1852 నాటి మాట కూడా మన కోర్టుల్లో కొంత సడలింది. 2017 తీర్పు భాగస్వామి తోడు కోల్పోయినందుకు 40,000, అంత్యక్రియలకు 15,000, ఆస్తి నష్టానికి 15,000గా నిర్ణయించి, మూడేళ్లకోసారి పది శాతం పెంచాలని చెప్పింది. మరుసటి ఏడాది తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు, పిల్లలను కోల్పోయిన తల్లిదండ్రులకు కూడా ఇది వర్తిస్తుందన్నారు. మొత్తం చిన్నదే. బిడ్డ పోయిన తల్లికి ఆ అంకె చదివి వినిపించడానికి నాకైతే నోరు రాదు.

ఈ చరిత్ర అంతా ముందుకే నడవలేదు. గడువు సంగతి చూడండి. మొదట్లో దావాకు 60 రోజులే గడువు. తర్వాత ఆరు నెలలు చేశారు. 1994లో, దుఃఖంలో ఉన్న కుటుంబాలకు గడువు ఉరితాడవుతోందని గ్రహించి, దాన్ని పూర్తిగా తొలగించారు. 2019 సవరణ ఆరు నెలల గడువును మళ్లీ తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దీన్ని సవాలు చేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అవి ఎలా తేలినా, మీరు మాత్రం ఆరు నెలలే ఉన్నాయని భావించి కదలండి. గడువు దాటిపోయి ఉంటే ఆశ వదులుకోకుండా న్యాయవాదిని కలవండి. సంవత్సరీకం అయ్యాక చూద్దాం అనుకోవడం మన ఇళ్లలో సహజం. నా దృష్టిలో ఈ గడువును తిరిగి తేవడం అన్యాయమే. భర్త పోయిన స్త్రీ మొదటి ఆరు నెలలు ఎలా గడుపుతుందో తెలిసినవారెవరూ అలాంటి నిబంధన రాయరు.

అదే 2022 నుంచి ఒక మేలు కూడా జరిగింది. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు, బీమా సంస్థకు తొలి నివేదిక పంపాలి. 90 రోజుల్లో సమగ్ర నివేదిక దాఖలు చేయాలి. వీటి ప్రతులు అడిగే హక్కు మీకుంది. దావాను ప్రమాదం జరిగిన చోటే వేయనక్కరలేదు. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లో వేయవచ్చు. కొడుకు బెంగళూరు దారిలో పోయినా తల్లి నెల్లూరులోనో నిజామాబాదులోనో దావా వేసుకోవచ్చు. న్యాయవాదికి ఇచ్చుకోలేనివారు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థలో అడిగితే ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు.

శవాగారం గేటు దగ్గరే తచ్చాడే మధ్యవర్తుల గురించి కూడా చెప్పాలి. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ వారుండేవారు. శవం ఇంకా బల్ల మీద ఉండగానే బయట తెల్లకాగితాల మీద వేలిముద్రలు పడుతుండేవి. వచ్చేదానిలో మూడో వంతు, ఒక్కోచోట సగం తమదన్నది వారి ఒప్పందం. ఆ రోజు దేనిమీదా సంతకం చేయవద్దు. ఎఫ్ఐఆర్ ప్రతి, పంచనామా, శవపరీక్ష నివేదిక, వాహనం నంబరు, దాని బీమా వివరాలు, ఇవి చేతికి వచ్చాక తాపీగా న్యాయవాదిని మీరే ఎంచుకోండి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే డబ్బు త్వరగా వస్తుంది, కాని దానిమీద అప్పీలు ఉండదు. బీమా సంస్థ చెప్పిన అంకెను పైన చూపిన లెక్కతో పోల్చి చూసుకున్నాకే తల ఊపండి.

తీర్పు వచ్చాక మొత్తమంతా ఒకేసారి చేతికి రాకపోతే కంగారు పడకండి. పైన చెప్పిన 1994 తీర్పులోనే మైనరు పిల్లల వాటాను వారికి పద్దెనిమిదేళ్లు నిండేవరకు బ్యాంకులో డిపాజిట్ చేయాలని, చదువురాని వారి విషయంలోనూ డబ్బు అన్యాక్రాంతం కాకుండా చూడాలని సుప్రీంకోర్టు సూచించింది. పిల్ల చదువుకో, జబ్బుకో మధ్యలో అవసరమైతే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుని కొంత తీసుకోవచ్చు. వడ్డీ సాధారణంగా దావా వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు గనుక ఆ తేదీ ఉన్న రసీదును డిపాజిట్ పత్రాలతో కలిపి పిల్లల పేరున ఒకే చోట దాచండి.